చెత్త లేని ఇల్లు

తన ఇంట్లో చెత్త లేదన్న సంగతి స్కూలువాళ్లు కనిపెట్టి చెప్పేదాకా సుగుణకే తెలియదు. తెలిసుంటే ముందే ఏదో ఒక ఏర్పాటు చేసుకునేది. కూతురి బూట్లకి పాలిషూ, టైకి ముడీ, డైరీలో సంతకమూ వేళ తప్పకుండా చూసుకునే మనిషి, ఒక్క చెత్త దగ్గరే అశ్రద్ధ చేస్తుందా?

ఆమె బట్టలు కుడుతుంది. కాలవ నడిమధ్యన పారే ఆ గోదావరి పట్నంలో, బస్టాండు వెనక సందులో, ముందుగదిలో మిషను వేసుకుని జాకెట్లూ చిన్నపిల్లల గౌన్లూ కుడుతుంది. మొగుడు శివాజీ లారీ ఆఫీసులో గుమాస్తా. పొద్దున్న పోతే చీకటి పడ్డాకే రాక. ఇంట్లో ఉండేది అత్తగారు మాణిక్యమ్మ. ఇల్లు ఆమె చేతిలో ఉంది, ఆ చేతిలోంచి ఏ వస్తువూ అంత తేలిగ్గా జారిపోదు. గుడ్డముక్క పెద్దదైతే గౌనుకి కుచ్చవుతుంది. చిన్నదైతే బొంతలో అతుకవుతుంది. ఇంకా చిన్నదైతే గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టాలో కలుస్తుంది. దారప్పోగులు దిండులోకి పోతాయి. కూరల తొక్కలు ఎదురింటి గేదెకి, కడిగి ఆరబెట్టిన పాల కవర్లు పాత సామాన్ల వాడికి, కొబ్బరి చిప్పలు వేణ్ణీళ్ల పొయ్యిలోకి, చిరుగుల చీరలు స్టీలు గిన్నెల వాళ్లకి. పొద్దున్నే పాట పెట్టుకుని వచ్చే మున్సిపాలిటీ బండిలో ఈ ఇంటి తరఫున పడేది ఊడ్చిన దుమ్ము ఒక్కటే. బండి తోలే మనిషి అప్పుడప్పుడు ఆగి, "ఊళ్లో లేరేమో అనుకున్నానండి," అని పలకరించి పోతుంటాడు.

కూతురు ధాత్రి చదివేది జ్ఞానధార గ్లోబల్ స్కూల్లో. కాలవకి అవతలి ఒడ్డు నుంచి కూడా పిల్లలు వస్తారు గనక గ్లోబల్ అనడంలో తప్పేమీ లేదు. ఆ బడికి ఏడాదికో పూనకం వస్తుంది. ఒక ఏడు రోబోలు. తల్లిదండ్రుల చేత ఫీజు కట్టించి ఒక రోబోని తెచ్చి అద్దాల బీరువాలో పెట్టారు. అది ఇప్పటికీ అందులోనే ఉంది, పిల్లలు దూరం నుంచి చూసి దండం పెట్టి వెళ్తారు. మరో ఏడు ధ్యానం. మూడో తరగతి మొత్తం కళ్లు మూసుకుంటే టీచరు కూడా మూసుకుంది. తెరిచి చూసేసరికి మూడో తరగతి గ్రౌండులో ఉంది. ఈ ఏడు పర్యావరణం పట్టుకుంది.

దసరా సెలవులు అయిపోవస్తుండగా ఫోన్లో సర్క్యులర్ వచ్చింది. "భూమాత ఆక్రందనను ఆలకించిన మన విద్యాసంస్థ, ఈ విద్యా సంవత్సరాన్ని వ్యర్థ వినియోగ వత్సరంగా ప్రకటించుటకు గర్విస్తున్నది. ప్రతి విద్యార్థి తమ గృహమునందు ఉత్పన్నమగు చెత్తతో స్వహస్తములతో ఒక కళాఖండమును రూపొందించి సృజనోత్సవమునందు ప్రదర్శించవలెను." చదివి సుగుణ తేలిగ్గా ఊపిరి తీసుకుంది. ఎందుకంటే ధాత్రి సెలవుల్లోనే ఏనుగుని చేసి పెట్టుకుంది.

అది గుడ్డ ఏనుగు. ఎవరి లంగా ముక్కో నీలం చెవులు, ఎవరి జాకెట్టు ముక్కో ఎర్ర వీపు, లాగుకి వేయగా మిగిలిన బొందుతో తోక. ఒక కన్ను చొక్కా గుండీ, రెండోది అలాంటిది దొరక్క హుక్కు. మాణిక్యమ్మ సూదిలో దారం ఎక్కించమని మనవరాలికి ఇచ్చేది, మనవరాలు ఎక్కించి తనే కుట్టేది. కడుపులో పోగులు ఒక పక్కకే కూరడం వల్ల ఏనుగు కొంచెం ఒరిగి నిలబడేది, పక్కవాళ్ల మాటలు వింటున్నట్టు. దానికి బుజ్జులు అని పేరు. సృజనోత్సవంలో బల్లమీద బుజ్జులు ఉండాలి, దాని పక్కన తన పేరు రాసిన కార్డు ఉండాలి. తొమ్మిదేళ్ల ధాత్రికి ఆ ఏడాది కావలసింది అంతే.

*

బడిలో ఈ పూనకానికి పూజారి ప్రత్యూష మేడం. సస్టైనబిలిటీ కోఆర్డినేటర్ అని మెడలో కార్డు ఉంటుంది. ఆమె ఏనుగుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఈ క్లాత్ పీసెస్ మీకు ఎక్కడివి మేడం?" అంది.

"నేను బట్టలు కుడతానండీ. కత్తిరించగా మిగిలినవి."

"పాప వాడకపోతే వీటిని ఏం చేసేవారు?"

మెచ్చుకోబోయే ముందు అడిగే ప్రశ్న అనుకుంది సుగుణ. "మేం ఊరికే పోనివ్వమండీ. బొంతలోకో, పట్టాలోకో వాడేస్తాం," అంది కాస్త గర్వంగానే.

ప్రత్యూష మేడం పెన్ను మూసేసింది. "సారీ మేడం. అయితే ఇది వేస్ట్ కాదు, రిసోర్స్. మీ పాప ఒక రిసోర్స్‌ని ఖర్చు పెట్టి ఒక ప్రొడక్ట్ తయారు చేసింది. దీన్ని వినియోగం అంటారు. మా ఉత్సవమే వినియోగానికి వ్యతిరేకం."

"పోనీ ఇంకేదైనా చెత్తతో..." అంది సుగుణ.

"అదే అడుగుతున్నాను. మీ ఇంట్లో వారానికి ఎంత చెత్త జనరేట్ అవుతుంది?"

సుగుణ ఆలోచించింది. ఎంత ఆలోచించినా ఒక్కటే తోచింది. "దుమ్మండీ."

"దుమ్ము నేచురల్. అది లెక్కలోకి రాదు." ప్రత్యూష మేడం పెన్ను మళ్లీ తెరిచి ధాత్రి పేరు ఎదురుగా సున్నా చుట్టింది. చుట్టాక ఆమె గొంతు మెత్తబడింది. స్కానింగ్ రిపోర్టు చూసిన డాక్టరు గొంతు అలాగే మెత్తబడుతుంది. "కంగారు పడకండి మేడం. కొన్ని వెనకబడిన కుటుంబాల్లో మొదట్లో ఇలాగే ఉంటుంది. మెల్లగా అదే వస్తుంది."

బయటికి వస్తూ సుగుణ వరండాలో బల్లమీద చూసింది. అప్పటికే ఆమోదం పొందిన కళాఖండాలు వరసగా ఉన్నాయి. ఐస్‌క్రీం పుల్లలతో చేసిన పెన్ స్టాండు, దాని పక్కన ఐస్‌క్రీం పుల్లలతో చేసిన పెన్ స్టాండు, ఆ పక్కనా అదే. వాటిలో ఏ పుల్లకీ ఐస్‌క్రీం మరక లేదు. ఊళ్లో పిల్లలందరూ ఇంత శుభ్రంగా ఎప్పటి నుంచి తింటున్నారా అని ఆశ్చర్యపోయింది.

ఆ ఆశ్చర్యం స్కూలు గేటు ఎదురుగా ఉన్న బుల్లబ్బాయి స్టేషనరీ కొట్లో తీరింది.

"వేస్ట్ కిట్టాండి? ఉందండి ఆయ్. విజయవాడ నించి ఇప్పుడే దిగింది. ఫ్రెష్ సరుకండి," అన్నాడు బుల్లబ్బాయి ఒక సీలు వేసిన ప్యాకెట్టు ముందు పడేసి. అందులో ఐస్‌క్రీం ఎరగని పుల్లలు ఉన్నాయి, పుల్ల ఎరగని అగ్గిపెట్టెలు ఉన్నాయి, పాట ఎరగని సీడీ ఉంది. గాజు ముక్కలు కూడా ఉన్నాయి. "పిల్లల చేతులు తెగకుండా విరగ్గొట్టించి, అంచులు అరగదీయించి మరీ పంపిస్తారండి," అని వివరించాడు.

"ఇదంతా కొత్తదే కదండీ?"

"కొత్త వేస్టండి. పాత వేస్ట్ ఎవరు కొంటారు, మీరే చెప్పండి?"

సుగుణ కొనేద్దామనే అనుకుంది. పక్కన ధాత్రి ఏనుగుని గుండెకి హత్తుకుని నిలబడి ప్యాకెట్టు వైపు చూడను కూడా చూడలేదు. "నా కార్డు బుజ్జులు పక్కనే పెట్టాలమ్మా. పెన్ స్టాండు నాకొద్దు," అంది. అడ్డం తిరిగే పిల్ల కాదది, ఏదీ అడిగే పిల్ల కూడా కాదు. సుగుణ మనసు కరిగిపోయింది.

బుల్లబ్బాయి మంచివాడు. కిట్టు అమ్ముడుపోకపోయినా సలహా ఇచ్చాడు. "పారేసిందే వేస్టండి. దాన్నోసారి కుండీలో పడేసి, ఫొటో తీసి, మళ్లీ తీసేసుకోండి. స్కూలు యాప్‌లో విసర్జన దశ అని ఉంటది, అందులో ఎక్కించెయ్యండి. గొడవొదిలిపోద్ది."

*

మర్నాడు తల్లీ కూతుళ్లిద్దరూ వీధి చివర కుండీ దగ్గరికి వెళ్లారు. ఇది ఆట అని చెప్పింది సుగుణ. ధాత్రి కుండీలో ఒక అట్టపెట్టె చూసి, దానిమీద దుమ్ము ఊది, బుజ్జుల్ని పడుకోబెట్టింది. సుగుణ ఫొటో తీసింది. తీసి, చెయ్యి చాచబోతుండగా వెనక మోటారుసైకిలు ఆగింది.

"ఎవరమ్మా కుండీలో చెయ్యి పెడుతున్నది?"

శానిటరీ ఇన్‌స్పెక్టరు. మనిషి సన్నం, గొంతు లావు.

"మా ఏనుగండీ," అంది సుగుణ.

"మీది ఎప్పటిదాకా? కుండీలో పడేదాకా. పడిన ఉత్తర క్షణం నుంచి అది పురపాలక సంఘం ఆస్తి. పురపాలక ఆస్తిని అనుమతి లేకుండా తరలించుట శిక్షార్హం. రేపు ఆఫీసుకి వచ్చి మాట్లాడండి." అని, బుజ్జుల్ని తొండం పట్టుకుని ఎత్తి, ట్యాంకు మీద పెట్టుకుని వెళ్లిపోయాడు.

ధాత్రి ఏడుపుకి వీధి వీధంతా బయటికొచ్చింది. సుగుణకి ఒళ్లు మండిపోయింది. ఎవరిమీద మండాలో తేలక, ఆ కోపమంతా కూతురి వీపు నిమరడంలోనే చూపించింది.

మర్నాడు ఆఫీసులో ఇన్‌స్పెక్టరు బల్లమీద, ఫైళ్ల పక్కన, బుజ్జులు ఒరిగి నిలబడి ఉంది. ధాత్రి దాన్నే చూస్తూ తల్లి కొంగు పట్టుకుంది.

"మీరు కోరుచున్న వస్తువు చెత్తా, కాదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చెత్తేనండి," అంది సుగుణ, బడి గుర్తుకొచ్చి.

"చెత్త అయినచో మీకు ఇవ్వడానికి వీల్లేదు. డంపింగ్ యార్డుకి పోవాలి."

"అయితే చెత్త కాదండి."

"కానిచో కుండీలో ఎందుకు వేశారు? చెత్త కుండీలో చెత్తేతర వస్తువును వేయుట మరీ పెద్ద నేరం. ఆలోచించుకుని ఏదో ఒకటి చెప్పండి. నాకు రెండూ సమ్మతమే."

సుగుణ ధాత్రి మొహం చూసింది. "చెత్త కాదండి. పొరపాటయింది. బుద్ధొచ్చింది," అంది.

ఆ చివరి మాట ఇన్‌స్పెక్టరుకి నచ్చింది. ఏనుగుని ఇచ్చేశాడు. ఊరికే ఇవ్వకుండా, ముందు జాగ్రత్త కోసం ఒక కాగితం కూడా రాసి ముద్ర గుద్దాడు: "పైన పేర్కొన్న ఏనుగు చెత్త కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

కుండీ ఫొటోనీ, ముద్ర ఉందన్న ధీమాతో ఆ కాగితాన్నీ సుగుణ బడికి పట్టుకెళ్లింది. స్కూల్లో ప్రత్యూష మేడం ఆ కాగితం చదివి నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి తీసుకుపోయింది. ప్రిన్సిపాల్ చక్రధర్ గారు దాన్ని కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివారు. "అమ్మా, సాక్షాత్తూ ప్రభుత్వమే ఇది చెత్త కాదని తేల్చాక, కాదూ చెత్తే అనడానికి మేమెవరం?" అన్నారు చాలా బాధగా. "మీ సమస్య ఈ ఏనుగు కాదు. మీ సమస్య మూలాల్లో ఉంది. మేమే మీ ఇంటికి వస్తాం."

*

ఆదివారం పొద్దున్న వచ్చారు. ప్రిన్సిపాల్ గారూ, ప్రత్యూష మేడమూ, వాళ్లకి జెండాలా ముందు ఒక ఫొటోగ్రాఫరూ. చెత్త లేమి నివారణ కమిటీ అని చెప్పుకున్నారు. మంచం కింద చూశారు, బీరువా వెనక చూశారు, మిషను పెడలు కింద చూశారు. వంటింట్లో ఉన్న మాణిక్యమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కాసేపు వాళ్ల వెనకే తిరిగింది.

"ఏం పోగొట్టుకున్నారు బాబూ?" అంది చివరికి.

"మేమేమీ పోగొట్టుకోలేదమ్మా. మీరు ఏదీ పోగొట్టుకోవడం లేదు. అదే వచ్చిన ఇబ్బంది," అన్నారు ప్రిన్సిపాల్ గారు. మంచం మీద మడత పెట్టిన బొంతని వేలితో తాకి, "ఇది ఎప్పుడు పారేస్తారు?" అని అడిగారు.

"పారెయ్యటమేంటి బాబూ? చిరిగితే విప్పేసి పసిపిల్లలకి పొత్తిగుడ్డలు చేస్తాం."

"తర్వాత?"

"మసిగుడ్డ అవద్ది."

"ఆ తర్వాత?"

"పొయ్యిలోకి పోద్ది."

"అప్పుడు బూడిద వస్తుంది కదా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు ఆశగా.

"దాంతో గిన్నెలు తోంతాను."

ప్రిన్సిపాల్ గారు కుర్చీలో కూలబడ్డారు. మంచినీళ్లు తాగారు. విద్యారంగంలో ఆయన చాలా చూశారు. ఫీజు కట్టనివాళ్లని చూశారు, కట్టి రసీదు అడిగేవాళ్లని చూశారు. ఇలాంటి ఇల్లు చూడలేదు. "పాప పుట్టినరోజు ఎలా చేస్తారు?" అన్నారు కాస్త తేరుకుని.

"తలంటి పోసి, కొత్త గౌను కుట్టి, పరవాన్నం వండుతామండీ. చుట్టుపక్కల పిల్లల్ని పిలిచి అరిటాకుల్లో భోజనం పెడతాం," అంది సుగుణ.

"ఆకులు?" అంది ప్రత్యూష మేడం వెంటనే.

"ఎదురింటి గేదె తింటదండీ."

కమిటీ మొత్తం కిటికీలోంచి ఎదురింటి వైపు చూసింది. గేదె నెమరు వేస్తూ తిరిగి చూసింది. "ఈ గేదె మీ కుటుంబ ప్రగతికి ప్రధాన అవరోధం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "చూడండమ్మా. వచ్చే వారం పాప పుట్టినరోజు అని మా రికార్డులో ఉంది. ఇది దైవం ఇచ్చిన అవకాశం. ఆధునిక పద్ధతిలో జరపండి. ఒక్కసారి వాడి పారేసేవి తప్ప ఇంకేమీ వాడకండి. వేడుక అవగానే ఉత్పన్నమైన చెత్తని తూకానికి తీసుకురండి. మీ కుటుంబానికి వ్యర్థ సామర్థ్యం ఉందని ఒక్కసారి రుజువైతే చాలు, ఆ తర్వాత మీ ఇంటి నుంచి ఏది వచ్చినా చెత్త కిందే ఆమోదిస్తాం. ఆ ఏనుగుతో సహా."

ఆ చివరి మాటకి తలుపు చాటు నుంచి ధాత్రి బయటికొచ్చింది. పిల్ల మొహంలో వెలుగు చూశాక సుగుణ ఇంక దేనికీ వెనకాడదలుచుకోలేదు. వెళ్తూ వెళ్తూ ప్రత్యూష మేడం ఆమె చెయ్యి పట్టుకుని, "యూ కెన్ డూ ఇట్ మేడం. మీలో చాలా చెత్త ఉంది. బయటికి రావాలి, అంతే," అని ధైర్యం చెప్పింది.

*

పుట్టినరోజు ఘనంగా జరిగింది. థర్మకోలు కోట కట్టారు. దానిమీద మెరుపుల పొడి చల్లారు. బెలూన్లు, రిబ్బన్లు, కాగితం టోపీలు, పెదాలకి పెట్టుకుని ఊదితే నాలికలా సాగే బూరలు, ప్లాస్టిక్ బల్లగుడ్డ, నురగ చిమ్మే డబ్బాలు. పిల్లలు కేకు ఒకరి మొహానికి ఒకరు పూసుకుని, మిగిలింది గోడకి పూశారు. ధాత్రి కూడా సంతోషంగానే గెంతింది. బెలూన్లంటే ఏ పిల్లకి ఇష్టం ఉండదు? సుగుణ మాత్రం ఒక మూల నిలబడి పళ్లేల్లో సగం వదిలేసిన సమోసాలని చూస్తూ, బాగా వస్తోంది అని మనసులో అనుకుంది. అనుకుని తనే ఉలిక్కిపడింది.

తెల్లారి సుగుణ లేచి చూసేసరికి పెరట్లో దండెం మీద రిబ్బన్లు ఉతికి ఆరేసి ఉన్నాయి. కాగితం పళ్లేలు తుడిచి ఎండలో పరిచి ఉన్నాయి. థర్మకోలు కోట తలుపు మీద మాణిక్యమ్మ అప్పడాలు ఆరబెడుతోంది.

"అత్తయ్య గారూ! ఏంటండీ ఈ పని!"

"ఏవైందే? సుబ్బరంగా ఉన్నాయి పళ్లేలు. వినాయక చవితికి ప్రసాదం పెట్టచ్చు. ఆ టోపీలు పోపుగింజలు పోసుకోటానికి బాగుంటాయి."

"అవన్నీ చెత్తండీ! వాటిని తూకం వెయ్యాలి!"

"నిక్షేపంలాంటి వస్తువుల్ని పట్టుకుని చెత్తంటావేంటే?"

ఆ రోజు సుగుణ మిషను తొక్కలేదు. పళ్లేలన్నీ మళ్లీ పోగేసి, ఉతికిన రిబ్బన్లని మళ్లీ నలిపి, మూటకట్టి, అత్తగారు వచ్చి అందులోంచి ఏమైనా ఏరుకుపోకుండా బడి టైము అయ్యేదాకా పక్కనే కూర్చుని కాపలా కాసింది. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు పెట్టిన నగలకి కూడా ఆమె ఇంత కాపలా కాయలేదు.

బడిలో బియ్యం కాటా తెప్పించి తూచారు. ముల్లు కదిలింది. ప్రత్యూష మేడం ఆనందం పట్టలేక సుగుణని కావలించుకుంది. స్కూలు యాప్‌లో కూడా ధాత్రి పేరు పక్కన సున్నా పోయి పచ్చటి ఆకు మొలిచింది. చెత్త కలిగిన కుటుంబం అని ఇంటి తలుపుకి అంటించుకోవడానికి స్టిక్కరు ఇచ్చారు. మూటని మాత్రం తిరిగి పట్టుకుపొమ్మన్నారు. దాన్ని వేసుకోవడానికి బడిలో చోటు లేదు.

"ఇంక ఒక్కటే మేడం," అంది ప్రత్యూష మేడం. "ఉత్సవం రోజున పాప తన ప్రాజెక్టు గురించి మైకులో డిక్లరేషన్ ఇవ్వాలి. చిన్నదే. ఇంగ్లీషులో ఇచ్చాం."

ఆ రాసిచ్చిన ఇంగ్లీషుకి అర్థం ఇదీ: ఇది చెత్త. దీనివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మా ఇంట్లో ఇది ఎవరికీ అక్కర్లేదు.

మొదటిసారి చదివినప్పుడు ధాత్రి ఆగిపోయింది. "అబద్ధం కదమ్మా?" అంది.

"ఉట్టినే అనాలమ్మా. అంటే బల్లమీద పెడతారు."

"బుజ్జులు ముందు ఎలా అంటాను?"

"దానికి ఇంగ్లీషు రాదుగా," అంది సుగుణ. తను చెప్పిన సమాధానం తనకే బాగుందనిపించింది. పిల్ల కూడా నవ్వింది. ఆ వారం అంతా మిషను తొక్కుతూ సుగుణ అడిగేది, ధాత్రి అప్పజెప్పేది. మొదట్లో గొంతు తగ్గించి, ఏనుగుని పక్కగదిలో పెట్టి వచ్చి చెప్పేది. తర్వాత తర్వాత ఒళ్లో పెట్టుకునే చెప్పింది. మూడు మాటలూ నీళ్లలా వచ్చేశాయి. ఆఖరికి దువ్వించుకుంటున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు కూడా పాటలా పాడుకునేది. ఎంత ముద్దుగా పలుకుతోందో అని సుగుణ మురిసిపోయింది.

*

సృజనోత్సవానికి ముఖ్య అతిథి పర్యావరణ ప్రేమికుడు, మంచినీళ్ల సీసాల ఫ్యాక్టరీ యజమాని. ఆయనకి స్వాగతం చెబుతూ గేటు నుంచి వేదిక దాకా ఫ్లెక్సీలు కట్టారు. ప్రతి ఫ్లెక్సీ మీదా ప్లాస్టిక్ వాడకండి అని ప్లాస్టిక్ మీద అచ్చువేయించి ఉంది. ఆయనకి ప్లాస్టిక్ పూలగుత్తి ఇచ్చి, శాలువా కప్పి, ఆయన సీసాలోని నీళ్లే ఆయనకి తాగించారు. చెత్త అనునది జాతి సంపద అనీ, ఒక దేశం ఎంత పారవేయగలదో దాన్నిబట్టే దాని అభివృద్ధిని కొలుస్తారనీ, రేపటి పౌరులు దీన్ని గుర్తించడం తనకి కంటతడి పెట్టించిందనీ ఆయన సెలవిచ్చారు. ప్రిన్సిపాల్ గారు కళ్లు తుడుచుకున్నారు.

పెన్ స్టాండ్ల మధ్య బుజ్జులు ఒరిగి నిలబడి ఉంది. పక్కన కార్డు మీద ధాత్రి పేరు. ముఖ్య అతిథి అన్ని పెన్ స్టాండ్ల ముందు నుంచీ నడుచుకుంటూ వచ్చి, ఏనుగు దగ్గర ఆగారు. ఆగక చేసేదేముంది, ఆ హాలులో చూడాల్సిన వస్తువు అదొక్కటే. మైకు ధాత్రి ముందు పెట్టారు.

సుగుణ రెండో వరసలో చేతులు ముడుచుకుని, పిల్ల తడబడుతుందేమో అని పెదాలు కదుపుతూ కూర్చుంది. ధాత్రి తడబడలేదు. ఏనుగు నెత్తిమీద చెయ్యి వేసి, మొహం పైకెత్తి, ఇది చెత్త అంది. దీనివల్ల ఎవరికీ ఉపయోగం లేదంది. మా ఇంట్లో ఇది ఎవరికీ అక్కర్లేదంది. ఉచ్చారణకి చప్పట్లు మారుమోగాయి. మొదటి బహుమతి అని ప్లాస్టిక్ కప్పు ఇచ్చారు. సుగుణ కళ్లంట నీళ్లు ఆగలేదు. ఇన్నాళ్ల అగచాట్లూ ఆ ఒక్క నిమిషంతో తీరిపోయాయనుకుంది.

తర్వాత మైకులో ప్రత్యూష మేడం ప్రకటించింది. ప్రదర్శన అయిపోయింది గనక, చెత్త చక్రం పూర్తి చేయడం కోసం కళాఖండాలన్నింటినీ పురపాలక సంఘానికి అప్పగించడం జరుగుతుంది. పిల్లలు ఎవరి ప్రాజెక్టు వాళ్లు పట్టుకుని వరసలో రావాలి.

సుగుణకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచింది. గేటు బయట లారీ ఉంది, లారీ పక్కన శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. పిల్లలు వరసగా వచ్చి పెన్ స్టాండ్లు లోపలికి విసురుతున్నారు. తల్లిదండ్రులు ఫొటోలు తీస్తున్నారు. వాళ్లని తోసుకుంటూ సుగుణ పరుగెత్తింది. పిల్ల వదిలిపెట్టదు, గోల పెడుతుంది, ఆ ఏడుపు తను భరించలేదు. ఈసారి ఎవరు ఏమన్నా సరే ఊరుకునేది లేదు, ఏనుగుని లాక్కుని ఇంటికి పోవడమే అనుకుంది. కప్పు ఇచ్చేయమంటే ఇచ్చేస్తుంది, స్టిక్కరు పీకేయమంటే పీకేస్తుంది.

ఆమె చేరేసరికి ధాత్రి వంతు వచ్చింది. ధాత్రి రెండు చేతులతో బుజ్జుల్ని తలపైకి ఎత్తి, ఎత్తు చాలక ఒకసారి ఎగిరి, లారీలోకి విసిరేసింది. చేతులు దులుపుకుంది. వెనక్కి తిరిగి తల్లిని చూసి నవ్వింది.

"తీసుకుందాం రావే," అంది సుగుణ రొప్పుతూ. "నేను అడుగుతాను. ఇస్తారు."

"ఎందుకమ్మా? చెత్తేగా," అంది ధాత్రి.

ఆ గొంతులో బాధ ఏమైనా ఉందా అని సుగుణ వెతికింది. బాధ లేదు. దాచుకున్నదీ లేదు. లారీ కదిలింది. ధాత్రి పక్కన పెట్టిన కప్పుని తీసుకుని రెండు చేతులా పట్టుకుని ముందు నడిచింది.

మర్నాడు పొద్దున్నే సుగుణ మిషను ముందు కూర్చుంది. ఒక పెళ్లివారి జాకెట్లు ఇవ్వాల్సి ఉంది. పట్టు జాకెట్టు కత్తిరిస్తుంటే అంచుముక్కలు కింద రాలాయి. ఆకుపచ్చవి, మామిడిపిందెల అంచువి, ఏ బొమ్మకైనా పావడా కాగలిగినంత ముక్కలు. ధాత్రి వచ్చి చూసింది. మామూలుగా అయితే అక్కడే చతికిలబడి ఏరుకునే పిల్ల లోపలికి వెళ్లి చీపురు తెచ్చింది. ఎవరూ చెప్పకుండానే ముక్కలన్నీ శుభ్రంగా ఊడ్చి, చేటలోకి ఎత్తి, పట్టుకెళ్లి వీధిలో ఆగి ఉన్న మున్సిపాలిటీ బండిలో పోసేసింది.

"అయ్యో అయ్యో, పట్టు ముక్కలే తల్లీ!" అని మాణిక్యమ్మ గుమ్మం దిగి చెయ్యి చాచబోయింది.

ధాత్రి ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. "తియ్యకూడదు మామ్మా. అందులో పడ్డాక అది మనది కాదు," అంది చాలా మర్యాదగా.

బండి తోలే మనిషి సంతోషించాడు. సుగుణ కత్తెర కింద పెట్టి కూతురి వైపు చూస్తూ ఉండిపోయింది. పిల్లకి చదువు ఒంటబట్టింది.